రక్తదోషం అన్న మర్యాద మాట

సుఖవ్యాధి అన్న పేరు ఎవరు పెట్టారో గాని, ఆయన ఒక్కపూటైనా పురుళ్ల వార్డులో కూర్చుని ఉండడు. సుఖం ఒకరికీ వ్యాధి ఇంకొకరికీ వెళ్లే జబ్బుకు రెండు మాటలూ కలిపి పేరు పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఈమధ్యే నర్సు టోపీ పెట్టుకున్న మీరంతా ఆ మాటను తడుముకోకుండా పలుకుతున్నారు. మొన్న పిలిచారు కదా అని మీ శిక్షణ తరగతికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాను. మీలో ఒకమ్మాయి లేచి ఆ జబ్బులు ఎలా వస్తాయో, రాకుండా ఏం చేయాలో పేర్లతో సహా చెప్పి కూర్చుంది. ఎవరూ దగ్గలేదు. ఎవరూ కిటికీలోంచి బయటికి చూడలేదు. నాకు మాత్రం మా హెల్తాఫీసరు గారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వారని అడిగారు. అక్కడ చెప్పలేకపోయాను. ఇదిగో, ఇంటికొచ్చి రాస్తున్నాను.

నేను బెజవాడలో ఆడవాళ్ల ఆసుపత్రిలో చేరింది యుద్ధం రోజుల్లో. మా నాన్న డెల్టాలో ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. నన్ను మద్రాసు పంపి నర్సు చదువు చెప్పించాడు. ఆసుపత్రి ఏలూరు కాలవ గట్టు మీద, రెండు వార్డుల పెంకుటిల్లు. దానికి పెద్ద దిక్కు మా డాక్టరమ్మ. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. నవ్వదు, నవ్విస్తుంది. పెళ్లి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, "రోజూ పది మంది మొగుళ్ల నిర్వాకం చూస్తున్నానమ్మా, ఇక నాకు వేరే ఒకడెందుకు?" అనేది.

అప్పట్లో బెజవాడ స్టేషనులో మిలటరీ బళ్లు ఆగని రోజు లేదు. సిపాయిలు దిగేవాళ్లు, ఊళ్లో తిరిగేవాళ్లు, ఎక్కి వెళ్లిపోయేవాళ్లు. సవాయి, సెగ, అంటే మీ పుస్తకాల్లో సిఫిలిస్, గనేరియా అనేవి, పెరుగుతున్నాయని పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఊరి పెద్దలు ఉలిక్కిపడి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘం మొదటి సమావేశంలోనే ఒక తీర్మానం చేసింది. ఏ జబ్బును నివారించడానికి సంఘం పుట్టిందో ఆ జబ్బు పేరు బహిరంగంగా పలకకూడదు. ఆడవాళ్లు వింటారు, పిల్లలు అడుగుతారు అని. మగవాళ్లకు వైద్యం పెద్దాసుపత్రి వెనకగదిలో జరిగేది. వాన చినుకు లేకపోయినా గొడుగులు ముఖాలకు అడ్డం పెట్టుకుని ఆ వెనక గుమ్మంలోకి వెళ్లేవాళ్లు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అయితే ఎవరికీ అనుమానం రాదు. శీతాకాలం సాయంత్రం అయితే ఊరంతా తెలిసిపోయేది.

సంఘానికి అధ్యక్షుడు ఒక బట్టల వ్యాపారి. పెడన వైపు నేత కుటుంబం. తండ్రి మగ్గం దిగి మూటలు మోసి అమ్మితే, ఈయన వన్ టౌనులో కొట్టు పెట్టి ఆ మూటలు వేరేవాళ్ల చేత మోయించే స్థాయికి వచ్చాడు. మనిషి ముప్పై దాటి కొంచెం. ఒడ్డూ పొడుగూ, నుదుట బొట్టు, మాటలో నెమ్మది. చెడ్డవాడని చెప్పను. చెడ్డవాడైతే కథ తేలికగా ఉండేది.

మేజిక్ లాంతరు బొమ్మల ఉపన్యాసం ఆయన ఖర్చుతోనే జరిగింది. మాట్లాడింది హెల్తాఫీసరు గారు. చదువుకున్న మనిషి, చీమకైనా అపకారం చేయడు, సిగ్గు మాత్రం కొత్త పెళ్లికూతురికి ఉన్నంత. మగవాళ్లు తెర ముందు కూర్చున్నారు. ఆడవాళ్లను గౌరవంగా ఇంకో గుడ్డ అడ్డుకట్టి దాని వెనక కూర్చోబెట్టారు కాబట్టి వాళ్లకు బొమ్మలు కనపడలేదు. ముందు అధ్యక్షుడు గారు లేచి, "ఈ చెడ్డ వ్యాధి చెడ్డ స్త్రీల వల్ల వస్తోంది. సంసారులం మనం భయపడాల్సిన పని లేదు" అని ధైర్యం చెప్పి కూర్చున్నారు. తర్వాత ఆఫీసరు గారు, "ఒకానొక వ్యాధి, ఒకానొక విధంగా, ఒకానొక అజాగ్రత్త వల్ల" అంటూ గంటసేపు చెప్పారు. చివర్లో వెనక నుంచి ఒక రైతు లేచాడు.

"అయ్యా, ఇది రాత్రిపూట వచ్చేదేనాండీ?"

ఆఫీసరు గారు ఎర్రబడి, "సాధారణంగా అంతేనండి" అన్నారు.

"దోమతెర కట్టుకుంటే రాదాండీ?"

ఆయన నెత్తి మీంచి బరువు దిగినట్టయింది. "దోమతెర ఎప్పుడూ మంచిదేనండి" అన్నారు.

మర్నాడు మా ఆసుపత్రికి మలేరియా మందు క్వినైను కోసం జనం వరసకట్టారు. డాక్టరమ్మ విసుక్కోలేదు. "సంఘం ఒక జబ్బునైతే నివారిస్తోంది కదా, పోనీలే" అంది.

ఆ తర్వాత కొద్ది కాలానికే అధ్యక్షుడి భార్య మా దగ్గరికి వచ్చింది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. కళ్లు పెద్దవి, మాట చిన్నది. తోడుగా అత్తగారు. ఆవిడ ఎక్కడ కూర్చున్నా కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చున్నట్టే ఉండేది. కోడలి తరఫున ఆవిడే చెప్పింది.

"మొదటిది నాలుగో నెలలో పోయిందమ్మా. రెండోది ఏడో నెల. మూడోది తొమ్మిది నిండి చచ్చి పుట్టింది, ఒంటి మీద చర్మం ఊడిపోతూ. మోపిదేవి తీసుకెళ్లాను, పుట్టలో పాలు పోయించాను, నాగప్రతిష్ఠ చేయించాను. మళ్లీ ఇప్పుడు నాలుగో నెల."

చర్మం ఊడిపోతూ అన్న మాట దగ్గర డాక్టరమ్మ నావైపు చూసింది. నేను సూది ఉడకబెట్టడానికి లేచాను. రక్తం తీసి మద్రాసు పంపాం. అక్కడి నుంచి వచ్చిన సమాధానం మేం అనుకున్నదే. సవాయి. ఆ పిల్ల ఒంటి మీద మచ్చయినా లేదు. ఏనాడూ జ్వరమైనా రాలేదంది. మీరు బాగా పట్టించుకోవలసింది ఇదే. ఆడవాళ్లలో ఈ జబ్బు పైకి ఏమీ చెప్పకుండా ఏళ్ల తరబడి కూర్చుంటుంది. చెప్పేదల్లా కడుపులో బిడ్డతోనే చెబుతుంది.

పెన్సిలిన్ పేరు మేం వినడానికి ఇంకా కొంతకాలం పట్టింది. ఉన్నదల్లా సంఖియా పాషాణంతో, అంటే ఆర్సెనిక్‌తో చేసిన మందు నరానికి, బిస్మతు కండకు. వారం వారం, నెలల కొద్దీ. కడుపుతో ఉండగా వెంటనే మొదలుపెడితే బిడ్డ దక్కుతుంది. అయితే మొగుడికి కూడా చేయాలి. లేకపోతే మనం ఇటు తుడుస్తుంటే అటు మళ్లీ అంటుకుంటుంది.

సూదులు మొదలుపెట్టాం. మొగుడికి ఎవరు చెప్పాలి? డాక్టరమ్మ కబురు పంపితే, ఆడవాళ్ల ఆసుపత్రికి మగవాడు రావడం బాగుండదని అధ్యక్షుడు గారు తిరిగి కబురు పంపారు. అప్పుడు హెల్తాఫీసరు గారు ముందుకొచ్చారు.

"నేను చెప్తానండీ. మగవాడికి మగవాడు చెప్తే మర్యాదగా ఉంటుంది. ఎలాగూ సంఘంలో కలుస్తాం."

"పేరు పెట్టి చెప్పండి" అంది డాక్టరమ్మ.

"ఆయనకు అర్థమయ్యేలా చెప్తానండీ."

అర్థమయ్యేలానే చెప్పారు పాపం. సంఘం అయిపోయాక పక్కకు పిలిచి, "తమ ఇంట్లో రక్తదోషం ఉందండి, తమరూ ఒకసారి చూపించుకుంటే మంచిది" అన్నారట. బెజవాడలో "ఇంట్లో" అంటే భార్య. ఇది ఆఫీసరు గారికి తెలియక కాదు, అదే మర్యాద మాట కాబట్టి వాడారు. అధ్యక్షుడు గారు మొదటి సగం విన్నారు. రెండో సగం విన్నారో లేదో ఆయనకే తెలియాలి. ఇంటికి వెళ్లి తల్లితో, "దీని రక్తంలో దోషం ఉందట, హెల్తాఫీసరే చెప్పాడు" అన్నారు.

ఆ వారం ఆ పిల్ల సూదికి రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. నేను గొడుగు తీసుకుని, అంటే ఎండ కోసమే, వాళ్ల ఇంటికి వెళ్లాను. పెరట్లో బావి పక్కనున్న వసారాలో చాప వేసుకుని కూర్చుని ఉంది. పక్కన సత్తు కంచం, సత్తు గ్లాసు, విడిగా. ఇంట్లో మిగతావాళ్లవి వెండి, ఇత్తడి.

"ఇక్కడున్నావేంటమ్మా?"

"నా రక్తం మంచిది కాదంట కదండీ. అత్తయ్య వంటింట్లోకి రావద్దన్నారు. పురుడు పుట్టింట్లో పోసుకోమంటున్నారు. తర్వాత మళ్లీ..." ఆగిపోయింది. తర్వాత మళ్లీ రానక్కర్లేదని ఎవరో అన్నారు. అది నోటితో అనలేకపోయింది.

"కంచాలూ గ్లాసుల వల్ల ఇది అంటుకోదమ్మా. సూదికి రాకపోతే బిడ్డ దక్కదు."

"నన్ను ఎవరు పంపుతారండీ?" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఏం చేయాలో తెలిసేది.

తిరిగొచ్చి చెప్పాను. డాక్టరమ్మ హెల్తాఫీసరు గారిని పిలిపించి, "మీరు రక్తదోషం అన్నారు. వాళ్లు పెళ్లాం దోషం అని విన్నారు" అంది. ఆయన అయిపోయిన మనిషిలా కూర్చున్నారు. మళ్లీ వెళ్లి విడమరచి చెప్తానన్నారు. రెండుసార్లు వెళ్లారు కూడా. మొదటిసారి అధ్యక్షుడు గారు కాఫీ ఇచ్చి యుద్ధం సంగతులు మాట్లాడారు. రెండోసారి కాఫీ ఇచ్చి నూలు ధర సంగతి మాట్లాడారు. ఆఫీసరు గారు రెండుసార్లూ కాఫీ తాగి వచ్చారు.

ఈలోగా అత్తగారే మా ఆసుపత్రి మెట్లెక్కింది. పట్టుచీర, చేతిలో విసనకర్ర.

"డాక్టరమ్మ గారూ, మావాడికి మచిలీపట్నం సంబంధం వచ్చిందండీ. మంచి కుటుంబం. మొదటి భార్య ఉండగా రెండోది ఎందుకని వాళ్ల పెద్దాయన అడుగుతున్నాడు. మీరు ఒక్కమాట, అమ్మాయి రక్తంలో దోషం ఉందీ, పిల్లలు నిలవరూ అని మీ నోటితో చెప్తే చాలు. రేపోమాపో ఆయన్ని మీ దగ్గరికి తీసుకొస్తాను."

నేను గుడ్డలు మడతపెడుతున్నాను. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కుర్చీ చూపించి, మజ్జిగ తెప్పించింది.

"మా దగ్గరికొచ్చిన వాళ్ల సంగతి గడప దాటదండీ, కోడలి గురించి నేనేమీ చెప్పను. కానీ పెద్దమనిషి తెలివైనవాడైతే, రక్తాల సంగతి వచ్చింది కాబట్టి, పెళ్లికొడుకు రక్తం చూశారా అని అడుగుతాడు కదా?"

"మావాడి రక్తానికేమండీ! పండులా ఉంటాడు."

"అందుకే అంటున్నా. పంపండి, చుక్క తీసి చూద్దాం. శుభ్రంగా ఉందనుకోండి, ఆ సంగతి వాడి అనుమతితో నేనే బాజాలు పెట్టి చెప్తాను."

పెద్దావిడకు బేరం నచ్చింది. సంతోషంగా వెళ్లింది. నేను ఆవిడ వెనకే చూస్తూ, "పంపుతాడంటారా?" అన్నాను. "వ్యాపారస్తుడమ్మా, సరుకు సంగతి వాడికి తెలిసే ఉంటుంది" అంది డాక్టరమ్మ.

అధ్యక్షుడు గారు మాత్రం రాలేదు. ఒకసారి సరుకు దిగుతోంది. ఇంకోసారి అమావాస్య. తర్వాత సంఘం పని, ఆ జబ్బు నివారణ మీదే ఏదో ముఖ్యమైన తీర్మానమట. చివరికి పెద్దావిడ ఒక్కతే వచ్చింది. ఈసారి మామూలు నేతచీర. విసనకర్ర లేదు.

"చిన్నప్పుడు కాలికి మేకు దిగితే చేత్తో పీక్కుని నవ్వాడండీ మావాడు. చుక్క రక్తానికి ఇన్ని సాకులు చెప్తున్నాడు. ఆ రోగం పేరేంటో చెప్పండి. ఎవరి సంగతీ వద్దు. రోగం సంగతి చెప్పండి చాలు."

డాక్టరమ్మ చెప్పింది. పేరు పెట్టి, సవాయి అని. జబ్బున్న మనిషితో కలిస్తే వస్తుందనీ, మొదట చిన్న పుండు లేస్తుందనీ, నొప్పి ఉండదనీ. "మందు వేసినా వేయకపోయినా ఆ పుండు మానిపోతుందండీ. స్టేషను దగ్గర రసకర్పూరమని పాదరసపు మందు అమ్మేవాళ్లు బతికేది దాని మీదే. పుండు పోయింది, రోగం పోయిందనుకుంటాడు. రోగం లోపలికి వెళ్లిందంతే. పెళ్లి చేసుకుంటాడు. భార్యకు వస్తుంది. ఆమె ఏ తప్పూ చేసి ఉండదు, ఏ నొప్పీ ఎరగదు. కడుపులు పోతాయి. వైద్యం లేకుండా ఏళ్లు గడిస్తే మగవాడికి కొందరిలో నడక పాడవుతుంది. కాళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలియక నేలను తన్నినట్టు..."

పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది.

"మా ఆయన చివరి రోజుల్లో అలాగే నడిచేవారు" అంది. "నేల మీద టపటపా కొట్టుకుంటూ. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పెట్టి అలా అయిందనుకున్నాం. నాకూ వీడికి ముందు ఇద్దరు పోయారమ్మా. మా అత్తగారు నన్నూ పెడనలో ఇలాగే బావి పక్క వసారాలో ఉంచింది."

నేను మజ్జిగ తెచ్చాను గాని ఆవిడ తాగలేదు.

మరుసటి రోజే ఆవిడ వచ్చింది. ఉదయం పది దాటింది. గేటు ముందు జట్కా ఆగింది. అందులోంచి కోడలు దిగింది, ఆవిడ దిగింది, ఆఖరున అధ్యక్షుడు గారు దిగారు. ఆయన వెనక గుమ్మం ఎక్కడుందో అని చూశారు. మా ఆసుపత్రికి వెనక గుమ్మం లేదు. వరండా నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్లు, వాళ్ల అత్తలు, చంకల్లో పిల్లలు. అందరూ లేచి సంఘం అధ్యక్షుడు గారికి నమస్కారాలు పెట్టారు. ఆయన వరస తప్పకుండా అందరికీ తిరిగి నమస్కరిస్తూ లోపలికి వచ్చారు.

హెల్తాఫీసరు గారు కూడా ఆ వేళ తనిఖీకి వచ్చి మా గదిలోనే ఉన్నారు. పెద్దావిడ ఆయన్ని వదల్లేదు.

"నాయనా, రక్తంలో దోషం ఉందని చెప్పింది నువ్వేనా?"

"అవునండీ అమ్మా."

"ఎవరి రక్తంలో?"

"అంటే... తమ ఇంట్లోనండి..."

"ఇంట్లో నేనూ ఉన్నాను. వీడూ ఉన్నాడు. పాలేరున్నాడు, గేదె ఉంది. ఎవరి రక్తంలో అని?"

ఆఫీసరు గారు డాక్టరమ్మ వైపు చూశారు. డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది. పాపం ఆయన కళ్లు మూసుకుని, తన ఉద్యోగంలో మొదటిసారిగా, "అమ్మా, అది సవాయి అండీ. మామూలుగా మగవాడి నుంచే ఇంట్లోకి వస్తుందండీ. మీ అబ్బాయికీ పరీక్ష చేయాలని చెప్పబోయి చెప్పలేకపోయానండీ" అన్నారు. చెప్పాక కళ్లు తెరిచి, పైకప్పు విరిగి పడలేదని ఆశ్చర్యపోయినట్టు చుట్టూ చూశారు.

అధ్యక్షుడు గారు లేచారు. "అమ్మా, పద. ఇది మనలాంటి వాళ్లు కూర్చునే చోటు కాదు."

"కూర్చో."

"పదిమందిలో పరువు..."

"ఒరేయ్ అబ్బాయ్. ఆ పిల్ల కడుపున ముగ్గురు పోయారు. మూడుసార్లూ నేను పక్కింటివాళ్లతో మా కోడలి జాతకం మంచిది కాదంటుంటే నువ్వు విన్నావు. నోరు విప్పావా? తెలిసే ఊరుకున్నావా, తెలియక ఊరుకున్నావా?"

ఆయన తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. "మద్రాసు సరుకుకి వెళ్లిన కొత్తల్లో... ఎప్పుడో పెళ్లికి ముందమ్మా. మానిపోయింది కదా అని" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ముప్పై దాటిన మనిషిలా లేడు.

పెద్దావిడ తిట్టలేదు. తిడితే ఆయన వెళ్లిపోయేవాడనుకుంటాను. ఆవిడ నా ముందున్న బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, గాజులు పైకి తోసి చెయ్యి చాపింది.

"నర్సమ్మా, ముందు నాది తియ్యి."

"మీకెందుకండీ?" అన్నాను.

"నాకెందుకో నాకు తెలుసు. తియ్యి."

గట్టి చెయ్యి. నరం తేలికగా దొరికింది. ఆవిడ సూది వైపు చూడలేదు, కొడుకు వైపే చూస్తూ కూర్చుంది. దూది నొక్కి పట్టుకుని లేచి, ఖాళీ అయిన కుర్చీ చూపించింది. అధ్యక్షుడు గారు వచ్చి కూర్చున్నారు. చొక్కా చేయి మడుచుకోవడానికి ఆయనకు చేతకాలేదు. కోడలు గోడవార నుంచి కదిలి వచ్చి, బొత్తాం విప్పి, చేయి పైకి మడిచి, మళ్లీ గోడవారకు వెళ్లి నిలబడింది. నేను రక్తం తీశాను.

మద్రాసు నుంచి సమాధానం వచ్చింది. కొడుకుది అందరూ అనుకున్నదే. తల్లిదీ అదే. పాతది, ఏనాటిదో. డాక్టరమ్మ ఆవిడను విడిగా కూర్చోబెట్టి చెప్పింది. ఆవిడ విని, "అయితే నా తప్పు కాదన్నమాట" అంది. అరవై దగ్గరపడుతున్న మనిషి. అత్తగారు పోయి, మొగుడు పోయి, ఆ మాట వినాల్సినవాళ్లు ఒక్కరూ మిగలకుండా పోయాక ఆవిడకు తీర్పు వచ్చింది.

ఆ తర్వాత వారం వారం ముగ్గురూ జట్కాలో వచ్చేవాళ్లు. అధ్యక్షుడు గారికి, ఆడవాళ్ల ఆసుపత్రిలో మగవాళ్లకు వైద్యం చేయకూడదు గనక, పెద్దాసుపత్రి వెనకగదిలో. ఆయన గొడుగు కొనుక్కున్నారు. అత్తాకోడళ్లకు మా దగ్గర. మచిలీపట్నం సంబంధం దానంతటదే చల్లారింది. సత్తు కంచం ఏమైందో నేను అడగలేదు. సంఘం మాత్రం నడుస్తూనే ఉండేది. అధ్యక్షుడు గారు మరింత ఉత్సాహంగా మాట్లాడేవారు. "నా మిత్రుడొకడు ఉన్నాడండీ, పుండు మానింది కదా అని మోసపోయాడు" అని ఆయన చెబుతుంటే జనం కన్నార్పకుండా వినేవాళ్లట. అన్నేళ్లలో సంఘంలో జరిగిన పనికొచ్చే ఉపన్యాసం అదొక్కటేనని డాక్టరమ్మ ఒప్పుకుంది.

బిడ్డ వేసవిలో పుట్టింది. ఆడపిల్ల. పుట్టీ పుట్టగానే వార్డు అదిరేలా ఏడ్చింది. డాక్టరమ్మ దాన్ని అరిపాదాల నుంచి మాడు దాకా తిప్పి తిప్పి చూసి, ఎక్కడా మచ్చ లేదని నా చేతుల్లో పెట్టి, ముఖం కడుక్కోవాలని బయటికి వెళ్లింది. చాలాసేపు రాలేదు.

సూదులు మాత్రం ఆపలేదు. పూర్తిగా అయ్యేదాకా వేయాలి, మధ్యలో మానితే మొదలుపెట్టనట్టే. అలా ఒకరోజు బిస్మతు సూది వేశాక ఆ పిల్ల లేవకుండా కూర్చుంది. బిడ్డ ఒళ్లో నిద్రపోతోంది.

"నర్సమ్మగారూ, నన్ను తప్పుగా అనుకోకండి. ఆ రోజు గదిలో ఆఫీసరు గారు ఏదో పేరు చెప్పారు. నాకు సరిగా వినపడలేదు. అడిగితే అత్తయ్య తగ్గిపోయింది కదా అంటారు. ఆయన మాట మారుస్తారు. ఇంతకీ నాకొచ్చింది ఏంటండీ?"

సిగ్గుపడాల్సింది నేనే. మేమంతా ఆ పేరు కోసం అంత యుద్ధం చేశాం. మగవాడికి చెప్పాలా, అత్తకు చెప్పాలా, ఎలా చెప్పాలి అని. ఎవరి ఒంట్లో ఉందో ఆమెకు చెప్పాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. డాక్టరమ్మను అడిగాను. ఆవిడ నుదురు కొట్టుకుని, "వెళ్లి అంతా చెప్పు. దాచొద్దు" అంది.

చెప్పాను. పేరు, ఎలా వస్తుంది, ఎందుకు పైకి కనపడదు, ఎందుకు ముగ్గురు పోయారు. ఆ పిల్ల బిడ్డ తల నిమురుతూ విన్నది.

"ఆయనకి ఎప్పట్నుంచి తెలుసండీ?"

"పుండు సంగతి తెలుసు. అది నీకొస్తుందని తెలియదన్నాడు."

"అడిగి తెలుసుకోవచ్చు కదండీ" అంది. కోపంగా కాదు. లెక్క కుదరనప్పుడు అన్నట్టు అంది. ఆ తర్వాత బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మొగుణ్ని వదిలేసిందా అని మీరు అడుగుతారు. ఎక్కడికి పోతుంది? ఆ రోజుల్లో పోవడానికి దారి లేదు. ఆ ఇంట్లోనే ఉంది. తర్వాత ఇద్దరు మగపిల్లలు, ఇద్దరూ గట్టిగా ఉన్నారు. కానీ ఒక పని చేసింది.

మరుసటి ఏడు ఆ పిల్ల చెల్లెలికి సంబంధం కుదిరింది. గుడివాడ దగ్గర కుర్రాడు, నూలు వ్యాపారం. తాంబూలాలకు పెడనలో పుట్టింటికి వెళ్లింది ఈ పిల్ల. నాకు తర్వాత వాళ్ల అత్తగారే వచ్చి చెప్పింది, కుర్చీలో వెనక్కి వాలి, నవ్వు ఆపుకోలేక. పెద్దలంతా కూర్చుని జాతకాలు, గోత్రాలు, మేనరికాలు అన్నీ చూసుకుని, ఇంకేమైనా మాట్లాడాల్సింది ఉందా అంటే, ఎప్పుడూ చిన్నగా మాట్లాడే ఈ పిల్ల గడప లోపల నుంచి పెద్దగా అడిగిందట.

"అబ్బాయి రక్తం చూపించారా?"

పెళ్లికొడుకు తండ్రి లేచి నిలబడ్డాడు. ఈ పిల్ల తండ్రి తల వంచుకున్నాడు. ఇదేం అప్రాచ్యపు మాట అన్నారు, ఆడదాని నోట రావలసిన మాటేనా అన్నారు. అల్లుడిగారి వైపు, అంటే మన అధ్యక్షుడి వైపు తిరిగి, మీరైనా చెప్పండి అన్నారు. ఆయన కండువా సర్దుకుని, ఏదో చెప్పబోయి, భార్య ముఖం చూసి, "అడిగినదాంట్లో తప్పేముందండీ" అన్నారట. సంబంధం ఆ మధ్యాహ్నమే చెడిపోయింది. ఊళ్లో ఆ కుటుంబం గురించి ఆర్నెల్లు చెప్పుకున్నారు.

ఆ తర్వాత తెనాలి నుంచి ఇంకో కుర్రాడు వచ్చాడు. పాఠశాలలో డ్రాయింగు మాస్టారు. అదే ప్రశ్న అడిగితే నవ్వి, "చూపిస్తానండీ. మరి అమ్మాయిది?" అన్నాడట.

ఇద్దరూ మా ఆసుపత్రికే వచ్చారు, పెద్దవాళ్లను వెంటేసుకుని, ముందు గుమ్మంలోంచే. నేనే తీశాను రక్తం. అక్క పక్కన నిలబడి, సూది సరిగా ఉడికిందా అని నన్నడిగింది.